వలస వచ్చిన బిడ్డల గురువు: లెనార్డు కొవెల్లో

ప్రతిదినమును ప్రాతఃకాలమున మన తరగతులలో హాజరుపట్టీ చదువబడుచుండును. ఉపాధ్యాయుడు పేరు పిలుచును, పిల్లవాడు పలుకును, పట్టీలో గీత పడును. ఇంతకంటె సులభమైన పని వేరొకటి లేదని మనము తలంతుము. కాని యొక బాలుని పేరును సరిగా పిలువకపోవుటవలన నొక యింటిలో తల్లిదండ్రులకును బిడ్డకును నడుమ నెట్టి యెడ మేర్పడెనో, ఆ బాలుడే పెద్దవాడై ఉపాధ్యాయవృత్తి నవలంబించి యట్టి యెడమును పూడ్చుటకు తన జీవితమునెట్లు వినియోగించెనో యీ వ్యాసమున చెప్పదలచితిమి. విద్యార్థులును, వారి తల్లిదండ్రులును, మాతోడి యుపాధ్యాయులును దీనిని శ్రద్ధతో చదువవలెనని మా కోరిక.

1. పుట్టినయూరు, ప్రయాణము

ఇటలీదేశపు దక్షిణభాగమున బాసిలికాట యను కొండలసీమ గలదు. అందు అవిలియానో యను నూరిలో 1887వ సంవత్సరము నవంబరు 26వ తేదీన లియొనార్దో కొవియెల్లో జన్మించెను. ఆ కాలమున నా సీమ మిగుల బీదది. సేద్యమునకు తగిన భూమి కొలదిమంది చేతిలో నుండెను. కష్టించి పనిచేయువానికి కడుపునిండ కూడు దొరకుట యరుదు. అందుచే జనులు ఊళ్లకూళ్లు విడిచి సముద్రము దాటి అమెరికాకు పోవుచుండిరి. 1880 మొదలు 1920 వరకు 40 లక్షలకు మించిన ఇటలీవారు ఆ దేశము చేరిరి. వారిలో అధికసంఖ్యాకులు దక్షిణపు పల్లెలవారే.

లియొనార్దో తండ్రి కుటుంబమును ఊరిలో నుంచి తాను ముందుగా పోయెను. దొరకిన చిల్లరపనులెల్ల చేసి, ఓడకూలి కూడబెట్టి, భార్యాబిడ్డలను పిలిపించుకొనుటకు ఆయనకు సంవత్సరములు పట్టెను. 1896వ సంవత్సరమున తల్లి తన కుమారులను వెంటబెట్టుకొని న్యూయార్కు నగరమునందు దిగెను. అప్పుడు లియొనార్దోకు ఇంకను తొమ్మిదేండ్లు నిండలేదు. వారు కాపురమున్న పేట పేరు తూర్పు హార్లెము. అచ్చటి యిండ్లు అంతస్తుమీద అంతస్తుగా కట్టినవి. గదులు ఇరుకు, వెలుతురు తక్కువ. వీధులలో ఇటలీ మాటలే వినవచ్చుచుండెను. కొండగాలిలో పెరిగిన తల్లికి ఆ నగరము తుదివరకును పరాయిదిగనే యుండెను.

2. బడిలో చేరుట

బాలుడు మొదట చేరిన బడిని ఇరుగుపొరుగువారు ‘సూపు బడి’ యని పిలుచుచుండిరి. మధ్యాహ్నమున నచ్చట బీదపిల్లలకు వేడి సూపును రొట్టెయు పెట్టుచుండిరి. ఒకప్పు డాబడివారు ఓట్లపిండి సంచిని పిల్లలచేత ఇంటికి పంపిరి. వారు మేలుచేయు తలంపుతోనే పంపిరి. కాని అవిలియానోలో ఓట్లు పశువులకు వేయు దాణా! తండ్రి యా పిండిని చూచి, పశువుల మేతను మాయింటికి పంపు బడి యెట్టి బడియని కోపించెను. ఇచ్చినవారికి దయయే గాని పుచ్చుకొనువారి యలవాటు తెలియదు. పుచ్చుకొన్నవారికి ఆకలియే గాని యిచ్చినవారి యుద్దేశము తెలియదు. ఇరువురి నడుమను నిలిచినవాడు ఎనిమిది తొమ్మిదేండ్ల బాలుడు.

తరువాత బాలుడు ప్రభుత్వపు బడిలో చేరెను. అచ్చటి ఉపాధ్యాయురాలికి ‘కొవియెల్లో’ అనుట నోరు తిరుగలేదు. ఆమె యందులోని ఒక యక్షరమును తీసివేసి ‘కొవెల్లో’ యని వ్రాసికొనెను. లియొనార్దో లెనార్డయ్యెను. బాలున కిందేమియు తప్పు తోచలేదు. క్రొత్తపేరు పలుకుటకు సులువుగనే యుండెను. అయితే మార్కులకాగితముపై సంతకము చేయబోయిన తండ్రి యా పేరు చూచి నివ్వెరపోయెను. తాతముత్తాతలనుండి వచ్చిన యింటిపేరును మార్చుట కెవరి కధికారము గలదని అడిగెను. తల్లియు మిక్కిలి నొచ్చుకొనెను. ఆ సంగతి నీకు తెలియదులెమ్మని కుమారుడు తల్లితో ననెను. ఆ మాటను ఆయన పెద్దవాడైన పిమ్మట మరువలేక తన జీవితచరిత్రలో వ్రాసికొనెను.

ఒక్క యక్షరము పోయినంతమాత్రమున ప్రాణము పోదు. కాని దానివెంట మరికొన్ని పోయెను. ఇటలీ భాష బడిలో వినబడరాదు. ఇంటినుండి తెచ్చుకొన్న మొద్దురొట్టెను తోడివారికి కనబడకుండ తినవలెను. శాలువ కప్పుకొన్న తల్లి బడివాకిటికి వచ్చిన సిగ్గు. ఇటలీది యేదైనను తక్కువదని ఎవరును బోధింపలేదు. అయినను పిల్లలెల్లరును ఆ పాఠమును చక్కగా నేర్చుకొనిరి. క్రొత్తదేశమువారగుట యనగా తల్లిదండ్రులనుగూర్చి సిగ్గుపడుట యని వారి కర్థమయ్యెను.

3. చేయూత యిచ్చిన స్త్రీ

ఆ పేటలో ఆనా రడ్డీ యను నొక కనడా దేశపు స్త్రీ మిషను పనిచేయుచుండెను. ఆమె చేసిన మొదటిపని గమనింపదగినది: ఆమె ఇటలీభాష నేర్చుకొనెను. ఆ జనులు నా భాష నేర్చుకొనువరకు వేచియుందు ననలేదు. ‘హోం గార్డెను’ అను పేరుతో నొక యింటిని నెలకొల్పి, వీధిలో తిరుగు బాలబాలికలను చేర్చి, చదువును ఆటపాటలను నేర్పుచుండెను. ఈ జనులను గూర్చి ఆమె 1908వ సంవత్సరమున మారుపేరుతో నొక నవలను గూడ ప్రకటించెను. లెనార్డు బాల్యమునం దచ్చటికి పోవుచుండెను.

ఇంటిలో బీదతన మధికము. తల్లి జబ్బుతో నుండెను. బాలుడు తెల్లవారకమునుపే లేచి, రొట్టెల దుకాణమువారి రొట్టెలను ఇండ్లకు చేరవేసి, పిదప బడికి పోవుచుండెను. ఉన్నతపాఠశాలలో నుండగా చదువుపై విసుగు పుట్టి, కుటుంబమునకు సంపాదించుటయే మేలని యెంచి, బడి మానివేసెను. బడిలో నాతనిని ‘ఏల మానుచున్నావు?’ అని శ్రద్ధగా అడిగినవా రుండలేదు. అడిగినది ఆ మిషను ఇల్లు, అచ్చటి స్నేహితులు. వారి ప్రోత్సాహముచే నాతడు మరల బడిలో చేరెను. విద్యార్థి వేతనము సంపాదించి కొలంబియా కళాశాలలో చదివి, 1911వ సంవత్సరమున పట్టభద్రుడయ్యెను.

బడి మానివేయువానిని ఒక్కమాట అడుగుటవలన నెంత కార్యమగునో చదువరులు దీనివలన నెరుంగుదురుగాక.

4. ఉపాధ్యాయుడు

అదే సంవత్సరమున ఆయన డెవిట్ క్లింటన్ ఉన్నతపాఠశాలలో ఫ్రెంచిభాష చెప్పుటకు కుదిరెను. ఆ పాఠశాలకు ఇటలీ కుటుంబముల బాలురు కొలదిగా వచ్చుచుండిరి. ఆయన వారిలో తన బాల్యమునే చూచెను. వారు తమ పేళ్లను మెల్లగా చెప్పుదురు. తండ్రి ఏమిపని చేయునని అడిగిన తలవంచుకొందురు. 1914వ సంవత్సరమున నచ్చటి ఇటలీ బాలుర సంఘమునకు ఆయన తోడ్పడెను. వారు సభలు జరిపి, నాటకములాడి, తల్లిదండ్రులను ఆహ్వానించుచుండిరి. తమ భాష వేదికపై వినబడగా, ఎన్నడును బడిగడప తొక్కని తల్లులు ముందువరుసలలో గూర్చుండిరి.

పాఠశాలలలో ఫ్రెంచి, జర్మను మొదలగు భాషలకున్న గౌరవము ఇటలీభాషకు లేకుండెను. ఇతరభాషలతో సమానముగ దానిని గూడ పాఠ్యభాషగా నంగీకరింపవలెనని ఆయన స్నేహితులతో గూడి యింటింటికిని తిరిగి, సభలు చేసి, తల్లిదండ్రులచేత కోరించెను. 1922వ సంవత్సరమున న్యూయార్కు విద్యాసంఘమువారు దాని కంగీకరించిరి. ఇంగ్లీషు రావలసిన పిల్లలకు ఇటలీభాష యేల యని కొందరాక్షేపించిరి. ఆయన ఇంగ్లీషును తక్కువచేసినవాడు కాడు. అది చక్కగా రానిదే బ్రతుకు లేదని యెరిగినవాడు. అయితే ఇంటిభాషను తృణీకరించిన బాలుడు ఇంటిమాటను గూడ తృణీకరించునని, తల్లిదండ్రుల యదుపు తప్పిన వానిని బడి యదుపులో పెట్టజాలదని ఆయన యభిప్రాయము.

5. తల్లిదండ్రు లేల బడికి వెరచిరి?

ఇటలీవారి పిల్లలు మందబుద్ధులనియు, వారి తల్లిదండ్రులకు చదువునం దాసక్తి లేదనియు ఆ కాలమున సామాన్యముగ ననుకొనుచుండిరి. కొవెల్లోగారు ఈ మాటను ఊరక ఖండింపక, దాని కారణములను సంవత్సరములకొలది పరిశోధించి, 1944వ సంవత్సరమున న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు పెద్ద గ్రంథమొకటి సమర్పించి డాక్టరు బిరుదమును పొందెను. ఆ పరిశోధనలోని ముఖ్యాంశములు ఇవి.

మొదటిది: దక్షిణ ఇటలీ పల్లెలో పండ్రెండేండ్ల బాలుడు చేనిలో పెద్దవానితో సమానముగ పనిచేయును. కుటుంబమే యాతని పాఠశాల, పనియే పాఠము. అట్టి బాలుని శాసనము పేర బల్లమీద గూర్చుండబెట్టుట తండ్రికి న్యాయముగా తోచలేదు. ఆ బాలుడు తెచ్చు కూలిడబ్బు ఇంటి యద్దెలో భాగము.

రెండవది: పల్లెలో చదువు దొరల సొత్తు. చదివినవాడు రైతును మోసగించువాడుగా నుండెనే గాని యాదుకొనువాడుగా లేకుండెను. అందుచే నా జనులు చదువునందు భక్తి, భయము, అనుమానము మూడును గలవారైరి.

మూడవది: బడి బిడ్డను తమనుండి వేరుచేయునని వారు భయపడిరి. ఆ భయము వట్టిది కాదు. నిజముగనే వేరుచేయుచుండెను.

ఇంగ్లీషు సరిగా రాని బాలుని ఇంగ్లీషున ప్రశ్నలడిగి, వచ్చిన యంకెనుబట్టి బుద్ధి యింతయని తూచు పరీక్షలు గూడ న్యాయము కావని ఆయన వాదించెను. పరాయి కొలపాత్రతో కొలిచి గింజలు తక్కువయని చెప్పినట్లుండును గదా!

6. వీధిలోనికి వచ్చిన పాఠశాల

తూర్పు హార్లెములో వేలకొలది కుటుంబములుండియు బాలురకు ఉన్నతపాఠశాల లేకుండెను. కొవెల్లోగారును పేటవారును పట్టుబట్టి యడిగిరి. ఆ పేటలో నివసించిన ఫియరెల్లో లా గార్డియాగారు 1934వ సంవత్సరమున నగరాధ్యక్షులైరి. కొవెల్లోగారి పూర్వశిష్యుడు వీటో మార్కాంటోనియోగారును వారికి తోడ్పడెను. ఆ సంవత్సరముననే బెంజమిను ఫ్రాంక్లిను ఉన్నతపాఠశాల స్థాపింపబడెను. కొవెల్లోగారే దానికి ప్రధానోపాధ్యాయులు. 1956వ సంవత్సరమువరకు 22 సంవత్సరములు ఆ పదవిలో నుండిరి. 1942వ సంవత్సరమున నదీతీరమున దానికి గొప్ప నూతన భవనము లభించెను.

ఆ పాఠశాల విశేషము దాని గోడలలో లేదు. గోడల వెలుపల నుండెను. తల్లిదండ్రులు బడికి రారని నిష్ఠురమాడుటకు బదులు, బడియే వారియొద్దకు పోయెను. చుట్టుపట్ల వీధులలో మూతబడిన అంగళ్లను అద్దెకు తీసికొని, తుడిచి, సున్నము వేసి, ఒకదానియందు పుస్తకశాలయు, ఒకదానియందు ఇరుగుపొరుగువారి స్నేహసంఘమును నెలకొల్పిరి. పాఠశాల తలుపులు సాయంకాలమునను తెరచియే యుండెను. పగటిపూట కుమారుడు చదివిన బల్లమీద రాత్రివేళ తండ్రి ఇంగ్లీషు నేర్చుకొనుచుండెను. పేటలోని యిండ్ల దుస్థితిని, వీధుల పారిశుద్ధ్యమును గూర్చి విద్యార్థులే తిరిగి విచారించి లెక్కలు వ్రాసిరి. మంచి యిండ్లు కట్టింపవలెనని జరిగిన యుద్యమములో పాఠశాల పాలుగొనెను. 1941వ సంవత్సరమున ఆ పేటలో ప్రభుత్వమువారు కట్టించిన క్రొత్త యిండ్లలో కుటుంబములు ప్రవేశించెను.

ఏ తండ్రియైన కొడుకును గూర్చి మొఱపెట్టుటకు వచ్చినయెడల, ప్రధానోపాధ్యాయుడు ఆయనను కూర్చుండబెట్టి ఆయన భాషలోనే మాటాడుచుండెను. నా భాషలో మాటాడు పెద్దమనిషి యీ కుర్చీలో గూర్చున్నాడని తండ్రికి ధైర్యము. నా తండ్రి లేచి నిలువనక్కరలేని గది యిది యని కొడుకునకు గర్వము.

7. పరీక్షాసమయము

1945వ సంవత్సరపు శరత్కాలమున ఆ పాఠశాలకు గొప్ప పరీక్ష వచ్చెను. ఇటలీ బాలురకును నల్లజాతి బాలురకును నడుమ కొట్లాట జరిగెను. పత్రికలు దానిని పెద్దదిగ చేసి వ్రాసెను. పదునొకం డేండ్లుగా నన్ని జాతులవారును కలిసి మెలిసి యుండవలెనని బోధించిన పాఠశాలలోనే యిట్లు జరుగుట కొవెల్లోగారికి మిక్కిలి బాధాకరము. ఆయన సమాచారమును దాచలేదు. ఒక జాతివారిని నిందింపలేదు. విద్యార్థులను, తల్లిదండ్రులను, పేటపెద్దలను పిలిచి మాటాడెను. అక్టోబరు నెలలో ఫ్రాంక్ సినాట్రా యను ప్రఖ్యాత గాయకుడు, తానును ఇటలీవారి బిడ్డయే యైనవాడు, పాఠశాలకు వచ్చి పరస్పర ద్వేషము కూడదని బాలురకు చెప్పెను.

ఇందులో మనకొక సత్యము గలదు. అవమానము పొందినవాడు అవమానింపనివాడగునని నిశ్చయము లేదు. నిన్న తన పేరు విని నవ్విరని యేడ్చిన బాలుడే నేడు మరియొకని రంగు చూచి నవ్వవచ్చును. కావున నీ పాఠము ఒక్క తరమువారికి చెప్పి ముగింపదగినది కాదు. వచ్చిన ప్రతి తరగతికిని మొదటినుండి చెప్పవలసినదే.

అప్పటికే పోర్టోరికో ద్వీపమునుండి స్పానిషుభాష మాటాడు కుటుంబములు ఆ పేటకు వచ్చుచుండెను. ఇటలీవారిలో కొందరు వారిని చూచి, పూర్వము తమ్మెట్లు అనిరో యట్లే యనుచుండిరి. కొవెల్లోగారు ఆ బాలురను గూడ అదే రీతిని చేరదీసిరి. 1956వ సంవత్సరమున పదవి విరమించిన పిదపను పోర్టోరికో వలసకుటుంబముల విద్యకై సలహాదారుగా పనిచేసిరి. 1958వ సంవత్సరమున వెలువడిన తమ జీవితచరిత్రకు ‘హృదయమే గురువు’ అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. 1972వ సంవత్సరమున ఇటలీకి మరలిపోయి, సిసిలీద్వీపమున దానిలో దోల్చిగారి సేవాకార్యములలో పాల్గొని, 1982వ సంవత్సరమున నచ్చటనే కాలధర్మము నొందిరి. ఆ సంవత్సరముననే ఆయన స్థాపించిన పాఠశాలయు మూతబడెను. ఆ భవనమున తరువాత గణితమునకును విజ్ఞానశాస్త్రమునకును ప్రత్యేకించిన మరియొక పాఠశాల వెలసెను.

పాఠశాల మూతబడినది గదా, ఆయన శ్రమ వ్యర్థమా యని యెవరైన అడుగవచ్చును. ఆయన కాలముననే యెందరో బాలురు చదువు మానిరి. బీదతనము ఆ పేటను విడువలేదు. ఒక్క ఉపాధ్యాయుడు నగరమంతటి కష్టమును తీర్పజాలడు. కాని తండ్రిని చూచి సిగ్గుపడకుండ చదువుకొన్న ప్రతిబాలుడును ఆయన శ్రమకు ఫలమే.

8. మన సంగతి

ఈ కథ దూరదేశపుదని మనము పుస్తకము మూయరాదు. మన తెలుగువారును పొట్టకూటికై ఓడలెక్కిరి. నాటాలు, మారిషసు, రంగూను, మలయా దేశములలో వారి బిడ్డలు ఇంటిలో నొక భాషయు బడిలో నొక భాషయు నేర్చిరి. పాలమూరు సీమవారు బొంబాయి, పూనా నగరములకు కట్టడపుపనులకు పోయిరి. అట్లే ఒడిస్సానుండి కుటుంబములు తెలంగాణములోని ఇటుకబట్టీలకు వచ్చుచున్నవి. వర్షాకాలము పోయిన పిదప వచ్చి, ఎండలు ముదిరి మరల వానలు పడుసరికి తిరిగిపోవు నా బిడ్డలకు ఏ యూరి బడిలోను సంవత్సరము నిండదు. అచ్చట తెలుగు రాదు. ఇచ్చట ఒరియా చెప్పువారు తక్కువ.

మనవంటి పాఠశాలకు అట్టి బాలుడొకడు వచ్చి కడపటి బల్లమీద గూర్చున్నాడనుకొందము. మాటాడడు, నవ్వుదురని భయము. లెక్క వచ్చును గాని లెక్కలోని మాట తెలియదు. మేము ఉపాధ్యాయులము, పరీక్షకాగితము చూచి తక్కువ మార్కులు వేయుదుము. మార్కులు వేయుట న్యాయమే. అయితే ఆ బాలుడు తన భాషలో ఎంతవరకు లెక్కింపగలడో యెప్పుడైన విచారించితిమా? వాని పేరు వాని తల్లి పిలుచునట్లు పిలిచితిమా? మేము దీనిని మొదట మమ్మునే యడుగుకొనుచున్నాము.

విద్యార్థులారా, మీరు చేయవలసినది కష్టమైనది కాదు. క్రొత్తవాని ప్రక్కను గూర్చుండుడు. వాని భాషలో పది మాటలు నేర్చుకొనుడు. మీవి పది నేర్పుడు. వాని యన్నపుగిన్నె చూచి ముక్కు మూసికొనకుడు. తల్లిదండ్రులారా, మీకు చదువు రాదని బడివాకిటనే నిలిచిపోకుడు. మీ బిడ్డకు మీరు నేర్పిన మొదటి భాషయే మా పాఠములకెల్ల పునాది. లోపలికి దయచేయుడు, కుర్చీ వేయించుట మా ధర్మము.

ఒక ఉపాధ్యాయురాలు తెలియక తీసివేసిన యక్షరమును కొవెల్లోగారు తన పేరులోనికి మరల తెచ్చుకొనలేదు. తుదివరకును కొవెల్లోగనే యుండిరి. కాని తనవద్దకు వచ్చిన పిల్లల యొద్దనుండి మరియొక యక్షరము పోకుండ కాచిరి. హాజరుపట్టీ విప్పునపుడెల్ల మాకును, పేరు పలుకునపుడెల్ల మీకును ఈ సంగతి జ్ఞాపకము వచ్చునుగాక.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఓట్లపిండి విషయమున తప్పు ఎవరిది? బడివారు ముందుగా నేమి తెలిసికొనియుండవలసినది?

2. ఇంటిభాషను గౌరవించుటవలన బడిభాష చెడునా, బాగుపడునా? మీ యనుభవముతో చెప్పుడు.

3. 1945వ సంవత్సరపు కొట్లాట మీ పాఠశాలలో జరిగియుండిన మీరేమి చేసియుందురు?

4. మీ తరగతిలో అందరికంటె తక్కువగా మాటాడువా డెవరు? ఆతని ఇంటిభాష ఏది? తెలియనిచో రేపు అడిగి తెలిసికొనుడు.